ఆ చుట్టలో ఉన్నది తెల్లకాగితం: ముఖ్యమంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి ఈ ఉత్తరం నేరుగా మీకే రాస్తున్నాను. పాలమూరు ప్రాంతంలో ఓ సర్కారు డిగ్రీ కాలేజీ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఉత్తరం రాయాలనుకున్నప్పుడల్లా కండక్ట్ రూల్స్ గుర్తొచ్చేవి, ఆ వెంటే పెన్షన్ గుర్తొచ్చేది. ఇప్పుడు పెన్షన్ పేపర్లు కూడా అయిపోయాయి. రాస్తున్నాను.

మా చెల్లెలి ఇంట్లో టీవీ పైన ఒక ఫోటో ఉంది. మా మేనకోడలు బీటెక్ అయిపోయినప్పుడు కాలేజీలో జరిగిన గ్రాడ్యుయేషన్ డే ఫోటో. నల్ల గౌను, నెత్తిన పలక లాంటి టోపీ, చేతిలో ఎర్ర రిబ్బన్ కట్టిన కాగితం చుట్ట. మా ఇంట్లో మొదటి ఇంజనీరు ఆ పిల్లే. బావ ఆటో నడుపుతాడు, చెల్లెలు జాకెట్లు కుడుతుంది. కొలతలియ్యడానికి ఎవరొచ్చినా ముందు ఆ ఫోటో చూపిస్తుంది. గౌను అద్దె, ఫోటో, మధ్యాహ్నం భోజనం అన్నీ కలిపి కాలేజీవాళ్లు పదిహేను వందలు తీసుకున్నారు. దానికి ఎవరికీ బాధ లేదు, పండుగ అన్నాక ఖర్చుంటుంది.

నేనే ఉండబట్టలేక అడిగాను, వృత్తి అలవాటు కదా. "ఆ చుట్టలో ఏముంది బిడ్డా?" అని.

"ఏం లేదు మామా, తెల్లకాగితం. ఫోటో కాంగనే వాపస్ తీసుకున్నరు. ఎనక ఉన్నోళ్లకు ఇయ్యాలె గదా" అంది.

అసలు కాగితాలు కాలేజీ బీరువాలో ఉన్నాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ (అసలు పట్టా వచ్చేదాకా పనికొచ్చే కాగితం), మార్కుల మెమోలు, టీసీ, చేరిన రోజు తీసిపెట్టుకున్న టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ అన్నీ అక్కడే. ఎందుకంటే, సార్, మీ ప్రభుత్వం ఆ పిల్ల తరఫున కట్టాల్సిన ఫీజు కట్టలేదు.

లెక్క చిన్నదే. ఆ అమ్మాయి బీసీ, ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకు రాలేదు. కాబట్టి ఏడాదికి 35,000 రూపాయలు రీయింబర్స్‌మెంట్ కింద సర్కారు కడుతుంది, ఆ పైది మేం కట్టుకోవాలి. పైది మేం ఏ ఏడాదికాయేడు కట్టేశాం. సర్కారు వాటాలో చివరి రెండేళ్లవి రాలేదు. సర్కారు స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ ఈపాస్‌లో నంబరు కొట్టి చూస్తే శాంక్షన్ అయినట్టే ఉంటుంది. ట్రెజరీలో బిల్లు చేశారు, టోకెన్ నంబరు కూడా ఇచ్చారు. డబ్బులు మాత్రం పడలేదు. టోకెన్ అంటే ఏమిటో మా చెల్లెలికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఓ పూట పట్టింది. చివరికి "దవాఖానలో చీటీ ఇచ్చి కూర్చోబెడతారు చూడు, అట్లాంటిదే" అన్నాను. "మరి డాక్టరెప్పుడొస్తడు?" అంది.

కాలేజీ ఆఫీసులో మాత్రం మొహమాటం లేదు. "డెబ్బై వేలు మీరు కట్టి సర్టిఫికెట్లు తీసుకుపోండి. గవర్నమెంట్ నుంచి వస్తే మళ్లీ మీకే ఇస్తాం" అన్నారు. పిల్లకు క్యాంపస్ సెలెక్షన్‌లో ఉద్యోగం వచ్చింది. కంపెనీ వాళ్లు రెండు వారాల్లో ఒరిజినల్స్ చూపించాలన్నారు. ఆ రెండు వారాలూ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. బ్యాంకులో గోల్డ్ లోన్ అందామంటే చెల్లెలి గొలుసు అప్పటికే అక్కడే ఉంది, మా పైవాటా ఫీజు కోసం. ఇక మిగిలింది ఊళ్లో అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు పద్నాలుగు వందలు. ఒక జాకెట్ కుడితే ఎంతొస్తుందో మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి, లెక్క వాళ్లకు తెలుస్తుంది.

కాలేజీల తరఫున కూడా ఒక మాట చెప్పాలి, నేను ఆఫీసువాణ్ణే కాబట్టి. బకాయిలు రాకపోతే వాళ్లు లెక్చరర్లకు జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారు? 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు తాళాలు వేసుకుని బంద్ చేసింది అందుకే. పెద్ద పెద్ద కాలేజీల సంగతేమో గానీ, మండల కేంద్రాల్లో అద్దె బిల్డింగుల్లో నడిచే చిన్న డిగ్రీ కాలేజీల వాళ్లు నిజంగానే నలిగిపోతున్నారు. కానీ సర్కారుకూ కాలేజీకీ మధ్య ఉన్న బాకీకి తాకట్టు పెట్టేది పిల్లల సర్టిఫికెట్లనా? బాకీ పడ్డది ఒకరు, అది రావాల్సింది ఇంకొకరికి, జప్తు మూడోవాళ్ల ఇంట్లో. ఇలాంటి న్యాయం మా ఊరి వడ్డీ వ్యాపారి దగ్గర కూడా లేదు.

రూల్స్ లేకనా అంటే, బోలెడున్నాయి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూనివర్సిటీల మీద పెత్తనం చేసే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. పాసైన 180 రోజుల్లోపు డిగ్రీ ఇవ్వాలని 2008 నిబంధనల్లోనే ఉంది. సర్టిఫికెట్లు ఫోన్‌లోనే చూపించుకునే సర్కారు యాప్ డిజిలాకర్‌లో ఉన్న డిగ్రీ కూడా చెల్లుతుందన్నారు. అయితే టీసీ అడిగే పీజీ కాలేజీ దగ్గరా, ఒరిజినల్ చూపించమనే హెచ్ఆర్ దగ్గరా ఈ కాగితాలు చదివి వినిపించే ఓపిక ఎవరికుంటుంది? హైకోర్టుకు వెళ్తే గెలుస్తారు, నిజమే. సోమవారం ఉద్యోగంలో చేరాల్సిన పిల్ల శుక్రవారం వకీలును వెతుక్కోదు, వడ్డీకిచ్చేవాణ్ణి వెతుక్కుంటుంది.

అందుకే నేనడిగేది చిన్న జీవో. ఏ విద్యార్థి ఫీజుకైతే శాంక్షన్ వచ్చిందో, ఆ విద్యార్థి బాకీ అక్కడితో తీరినట్టే లెక్క. అది ఇక సర్కారు బాకీ. పాసైన రోజు నుంచి కాలేజీ ఏ కాగితమూ ఆపడానికి వీల్లేదు. ఆపితే ఎవరికి చెప్పుకోవాలో జిల్లాకొక ఆఫీసరు పేరు, ఫోన్ నంబరు ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద ఉండాలి. దీనికి ఖజానా నుంచి ఒక్క రూపాయి అక్కర్లేదు. బకాయిలు మీకు వీలైనప్పుడు తీర్చుకోండి. తొందరగా తీరిస్తే ఇంకా సంతోషం. పక్క రాష్ట్రంలో ఆ డబ్బు కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో వేసి చూశారు, ఇప్పుడు మళ్లీ కాలేజీలకే అన్నారు. ఎవరి ఖాతాలో వేస్తారన్నది నా ప్రశ్న కాదు. వేసేదాకా పిల్ల కాగితం ఎవరి బీరువాలో ఉండాలన్నదే.

ఇక మా సర్కారు కాలేజీ సంగతి. అక్కడ ఫీజు బాధ తక్కువ. కాబట్టి సర్టిఫికెట్లు ఆగవు. పండుగే ఉండదు.

ప్రైవేటు కాలేజీలో పండుగ ఉంది, కాగితం లేదు. మా దగ్గర కాగితం ఉంది, పండుగ లేదు. నో డ్యూస్ ఫారం మీద లైబ్రరీ, ల్యాబ్, ఎన్‌సీసీ అందరి సంతకాలూ పెట్టించుకుని కిటికీ దగ్గరికి రావాలి. మేం రిజిస్టర్ ముందుకు తోసి "ఇక్కడ సంతకం పెట్టు" అంటాం. మూడేళ్ల చదువు ఆ ఒక్క సంతకంతో ముగుస్తుంది. ఇన్నేళ్లలో "కంగ్రాట్స్ బిడ్డా" అని నేను ఎంతమందికి చెప్పానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. లైన్ పెద్దగా ఉండేది, సార్, మధ్యాహ్నం కరెంటు పోయేది. సాకులే అనుకోండి.

ఒకసారి మాత్రం ఆగిపోయాను. ఒక కుర్రాడు వాళ్లమ్మతో వచ్చాడు. అమ్మానాన్నలు పూనా దగ్గర బిల్డింగ్ పనులకు పోయేవాళ్లు, వీడు హాస్టల్‌లో ఉండి చదువుకున్నాడు. ప్రొవిజనల్ చేతికిచ్చాను. ఆమె కొంగుతో రెండు చేతులూ తుడుచుకుని దాన్ని అంచుల దగ్గర పట్టుకుంది, తడి అద్దం పట్టుకున్నట్టు. చదువు రాదు. "మా పేర్లున్నయా సారూ ఇండ్ల?" అంది. కొడుకు పేరు చూపించాను. తండ్రి పేరు చూపించాను. "నాది యాడుంది?" అంది.

ఆ కాగితంలో తల్లి పేరుకు చోటు లేదు. వెనక్కి తిప్పి కూడా చూసింది. కుర్రాడు "నడువే అమ్మా" అని గుంజుతుంటే, నేను "లామినేషన్ చేయించొద్దు, తర్వాత వెరిఫికేషన్‌లో పనికిరాదు" అని మామూలుగా చెప్పే మాటే చెప్పి పంపించాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. ఇది కూడా మీకు విన్నవిస్తున్నాను. టెన్త్ మెమోలో తల్లి పేరు ఉంటుంది, డిగ్రీ పట్టాలో ఎందుకు ఉండకూడదు? రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ ఒక్క సర్క్యులర్ చాలు. ప్రింటింగ్ వాళ్లకు ఒక లైను పని.

స్నాతకోత్సవాలు ఉన్నాయి కదా అంటారు. అది యూనివర్సిటీ పండుగ. గోల్డ్ మెడల్ వాళ్లకు, పీహెచ్‌డీ వాళ్లకు. 1918లో పుట్టిన ఉస్మానియాలోనే 2013 తర్వాత మళ్లీ స్నాతకోత్సవం 2019లో జరిగింది. మారుమూల మండలంలో పాస్ మార్కులతో బీఏ గట్టెక్కిన పిల్లను ఆ వేదిక మీదికి ఎవరు పిలుస్తారు? కానీ ఆ పిల్ల వాళ్ల తండాలో డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్ల అయ్యుంటుంది. మెడల్ కంటే అదే పెద్ద వార్త.

కాబట్టి ప్రతి సర్కారు డిగ్రీ కాలేజీలో ఏడాదికొక రోజు పెట్టండి. ఫలితాలొచ్చిన ఆరు నెలల్లోపు, ఆదివారమైతే మేలు. కూలీ పోకుండా తల్లిదండ్రులు రాగలరు. గౌన్ల అద్దెలు వద్దు. స్నాతకోత్సవాల్లో చేనేత బట్టలు వాడమని 2019లో యూజీసీయే చెప్పింది, మనకు పోచంపల్లి ఉంది, నారాయణపేట ఉంది, గద్వాల ఉంది. తలా ఒక చేనేత కండువా కప్పండి, అది ఇంటికి తీసుకుపోతారు. పేరు పిలిచి, తల్లినో తండ్రినో పక్కన నిలబెట్టి, ప్రొవిజనల్ చేతికివ్వండి. అసలుదే ఇవ్వండి, సార్, చుట్ట వద్దు. ఎమ్మెల్యే గారు రాకపోయినా ఫరవాలేదు. వస్తే రెండు గంటలు ఆలస్యమవుతుంది.

మీరు తలుచుకుంటే అందరినీ పిలవగలరని నాకు తెలుసు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలప్పుడు చూశాను కదా. డిగ్రీ పాసై మూడేళ్లయిన ప్రతివాడి ఫోన్ నంబరూ అన్ని పార్టీలకూ ఎలాగో దొరుకుతుంది. 2021లో మా నియోజకవర్గంలో 93 మంది పోటీ చేస్తే బ్యాలెట్ పేపర్ దుప్పటంత అయ్యింది. ఓటు కోసం వెతికి పట్టుకునే పట్టభద్రుణ్ణి, పట్టా ఇచ్చే రోజున కూడా ఒకసారి వెతకండి.

పండుగ దాకా రాలేని పిల్లల గురించి కూడా కొంచెం చెప్పాలి. 2021-22 కేంద్ర సర్వేలో మన రాష్ట్రంలో పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ల వయసుకు ఉన్నత విద్యలో చేరికలు నూటికి 40 దాకా ఉన్నాయని, దేశం సగటు 28 అని సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. చేరినవాళ్లలో ఎందరు పట్టాతో బయటికొచ్చారో మాత్రం ఏ సభలోనూ ఎవరూ చెప్పగా నేను వినలేదు. మా రిజిస్టర్లలో ఒక్క సబ్జెక్టు దగ్గర ఆగిపోయినవాళ్లే ఎక్కువ. చాలావరకు ఇంగ్లిష్. సప్లిమెంటరీ ఫీజు కట్టే ఆఖరి తేదీ తెలిసేలోపు వాడు హైదరాబాద్‌లో డెలివరీ బాయ్ అయిపోయుంటాడు. కాలేజీకి ఒక మనిషిని పెట్టి, ఒక్క పేపరు మిగిలిన ప్రతి విద్యార్థికీ ఫోన్ చేయించి, నెల రోజులు సాయంత్రం క్లాసులు చెప్పిస్తే ఎంతమంది గట్టెక్కుతారో చూడండి. మా కాలేజీలో ఒక ఇంగ్లిష్ గెస్ట్ లెక్చరర్ ఒక ఎండాకాలం సొంతంగా ఈ పని చేసింది. పాపం ఆమెకు ఆ నెల జీతం కూడా లేదు, సెలవులు కదా.

మంచి జరిగినప్పుడు అది కూడా చెప్పాలి. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేశాక మా కాలేజీలో దూరపు ఊళ్ల అమ్మాయిల హాజరు పెరగడం నా కళ్లతో చూశాను. బస్సు పాసుకు డబ్బులడగాలంటే ఇంట్లో "ఇక చాలు మానెయ్" అంటారని భయపడే పిల్లలు వాళ్లు. కాకపోతే ఆఖరి క్లాసు అయ్యేసరికి వాళ్ల ఊరి బస్సు వెళ్లిపోతుంది. కాలేజీ టైము ప్రిన్సిపాల్ మారుస్తారా, బస్సు టైము డిపో మేనేజర్ మారుస్తారా అన్నది నేను రిటైరయ్యేదాకా తేలలేదు.

చివరగా ఒక ముఖ్యమైన విషయం. ఏదో ఒక రోజు మీరు ఈ బకాయిలు విడుదల చేస్తారు. పేపర్లో ఫోటోతో వార్త వస్తుంది. డబ్బు కాలేజీ ఖాతాలో పడుతుంది. కానీ అదే డబ్బు అప్పటికే అప్పు చేసి కట్టేసిన తల్లిదండ్రులకు తిరిగి ఎవరిప్పిస్తారు? పిల్లలు కాలేజీ వదిలి వెళ్లిపోయుంటారు. ఎవరు ఎంత కట్టారో సర్కారు దగ్గర లెక్క లేదు. డబ్బు విడుదలయ్యే రోజే ఆ విద్యార్థి ఫోన్‌కు మెసేజ్ వెళ్లాలి: "మీ పేరు మీద ఇంత మొత్తం ఫలానా కాలేజీకి చెల్లించాం" అని. కాలేజీ ముప్పై రోజుల్లో వాపస్ చెయ్యాలి, లేదంటే తర్వాతి విడత ఆపాలి. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే మీరిచ్చే కోట్లు మా చెల్లెలి దాకా రావు.

మా చెల్లెలు డెబ్బై వేలు కట్టినప్పుడు కాలేజీవాళ్లు రసీదు ఇచ్చారు. దాని మీద "ఇతర ఫీజులు" అని ఉంది. ఏ సంవత్సరానిదో లేదు, వాపస్ ఇస్తామన్న మాట లేదు. ఆ ఫోటో వెనకాల ఫ్రేములోనే మడిచి దాచింది. పేర్లు కొట్టేసి దాని జిరాక్స్ ఒకటి ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్,
ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, పాలమూరు ప్రాంతం