రంగు పూతతో ఓడ తనిఖీ గట్టెక్కదు

సంపాదకులకు,

తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి మర్చంట్ నేవీలో చేరుతున్న పిల్లల కోసం ఈ ఉత్తరం. ఓడ ఏ దేశపు రేవుకు వెళ్లినా అక్కడి సర్వేయర్ (ఓడలను తనిఖీ చేసే ప్రభుత్వ అధికారి) ఎక్కి చూడవచ్చు. కృష్ణపట్నంలోనైనా ఎన్నూరులోనైనా మన మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ వారికి ఆ అధికారం ఉంది. లోపం పెద్దదైతే సరిచేసేదాకా ఓడ కదలదు. అయినా చాలా ఓడల్లో సిద్ధం కావడమంటే ముందురోజు నేల తుడిచి రంగు వేయడమే. పైగా పైపు ఫ్లాంజి (రెండు పైపులను కలిపే అంచు) బోల్టు మీద కొత్త రంగు చూస్తే, ఈ మధ్య దాన్ని ఎందుకు విప్పారనే అనుమానం సర్వేయరుకు వస్తుంది.

అసలు పరీక్ష బిల్జ్ నీటి (ఓడ అడుగున చేరే నూనె కలిసిన నీటి) నుంచి నూనెను వేరుచేసే సెపరేటర్ దగ్గర. సముద్రంలోకి వదిలే నీటిలో నూనె పది లక్షల పాళ్లలో 15 పాళ్లు దాటకూడదు. దాటితే అలారం మోగాలి, త్రీ-వే వాల్వ్ నీటిని తిరిగి ట్యాంకులోకి మళ్లించాలి. 2005 తర్వాత బిగించిన యంత్రాల్లో ఇదంతా 20 సెకన్లలోపు జరగాలి. రేవు చేరడానికి కనీసం రెండు వారాల ముందే సెపరేటరును మంచినీటితో నింపి, నీరు బయటికి పోకుండా ట్యాంకులోకే తిప్పుతూ అరగంట నడిపి చూడాలి. మంచినీటికి కూడా అలారం మోగుతుంటే మొదట నూనె కొలిచే మీటరులోని గాజు గొట్టం చూడండి, మసి పట్టి ఉండవచ్చు. రీడింగ్ ఎప్పుడూ సున్నా దగ్గరే నిలిచిపోతే, గొట్టం కడగడానికి పెట్టిన మంచినీటి వాల్వ్ తెరిచి ఉందేమో చూడాలి. కావాలని అలా తెరిచి ఉంచేవాళ్లూ ఉన్నారు, అది నేరం. ఫిల్టర్లు త్వరత్వరగా పూడుకుపోతుంటే కారణం చాలాసార్లు ఇంజన్ రూమ్ నేల కడిగిన సబ్బు నీళ్లే. సబ్బు కలిస్తే నూనె నీటిలో చిన్న చుక్కలుగా విరిగిపోతుంది, ఆ తర్వాత మామూలు ఫిల్టర్లు దాన్ని సరిగా వేరు చేయలేవు. సబ్బు నీటిని, బాయిలర్ మసి కడిగిన నీటిని బిల్జ్‌లోకి రానివ్వక వేరే ట్యాంకులో పట్టి రేవులో అప్పగించడమే మందు. అప్పగించే గొట్టానికి స్టాండర్డ్ ఫ్లాంజి సిద్ధంగా ఉండాలి: 215 మిల్లీమీటర్ల వెడల్పు, ఆరు బోల్టులు.

తర్వాత ఆయిల్ రికార్డ్ బుక్, అంటే ఓడలో నూనె, నూనె నీటి లెక్కలు రాసే పుస్తకం. సర్వేయర్ దాన్ని చదవడమే కాదు, లెక్క కడతాడు. గంటకు 1 క్యూబిక్ మీటరు వడకట్టే సెపరేటరుతో రెండు గంటల్లో 5 వదిలామని రాస్తే పుస్తకమే పట్టిస్తుంది. రోజుకు 30 టన్నుల హెవీ ఫ్యూయల్ కాల్చే ఓడలో స్లడ్జ్ (నూనె మడ్డి) ఆ ఇంధనంలో సుమారు 1 నుంచి 1.5 శాతం, అంటే నెలకు 9 నుంచి 13.5 టన్నుల దాకా పోగవుతుంది. పుస్తకంలో రెండే కనిపిస్తే మిగిలింది ఏమైందని అడుగుతారు. చివరి నమోదు తర్వాత మూడేళ్లు ఆ పుస్తకం ఓడలోనే ఉండాలి. తప్పుడు పుస్తకం చూపినందుకు అమెరికాలో ఇంజనీర్లు జైలుకు వెళ్లారు.

భద్రత విషయంలో యంత్రాలను నడిపి చూపించమంటారు. ఎమర్జెన్సీ ఫైర్ పంపుతో డెక్ మీద రెండు గొట్టాల నుంచి ఒకేసారి ధార రావాలి. ఇంజన్ రూమ్ వైపు నీటిని ఆపే ఐసొలేటింగ్ వాల్వ్ మూయకపోతే ప్రెషర్ అటే పోతుంది. సక్షన్ స్ట్రెయినరులో (నీరు లాగే చోట ఉండే జల్లెడలో) పాచి పేరుకున్నా పంపు నీరు లాగదు. మెయిన్ కరెంటు పోతే ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలో లోడ్ అందుకోవాలి. చాలాసార్లు స్విచ్ మాన్యువల్‌లో వదిలేయడమే కొంప ముంచుతుంది. అగ్ని ప్రమాదంలో ఇంధనాన్ని దూరం నుంచే ఆపే క్విక్ క్లోజింగ్ వాల్వుకు చెక్క ముక్క దూర్చి ఉంచడం, అగ్ని తలుపును తీగతో కట్టేయడం కనబడితే వాదించడానికి ఏమీ ఉండదు. లైఫ్‌బోట్ ఇంజన్ ముందుకూ వెనక్కూ నడవాలి, దాన్ని దించే వైర్లు ఐదేళ్లు దాటకూడదు.

పులికాట్ మీద బతికే సూళ్లూరుపేట, తడ ప్రాంతాల మత్స్యకారులకు ఇవి దూరపు సంగతులు కావు. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకు చేరిన చిక్కటి నూనెను జనం బక్కెట్లతో ఎత్తిపోశారు.

ఉద్యోగాల పేజీలో మర్చంట్ నేవీ జీతాల గురించి రాసేటప్పుడు ఈ సంగతులూ రాయండి. ముఖ్యంగా జూనియర్ ఇంజనీరు తానే ట్యాంకు సౌండింగ్ తీయకుండా (లోతు కొలవకుండా) ఆయిల్ రికార్డ్ బుక్‌లో సంతకం పెట్టకూడదు. పెట్టమని ఒత్తిడి చేస్తే, ఒడ్డున ఉండే కంపెనీ డీపీఏ (ఓడ భద్రత చూసే కంపెనీ ప్రతినిధి) ఫోన్ నంబరు ఓడలోనే అంటించి ఉంటుంది. నేరుగా ఆయనకే చెప్పవచ్చు.

— విశ్రాంత మెరైన్ ఇంజనీర్లు, తిరుపతి