మైకు జాక్ చూసి కెమెరా కొనండి

సంపాదకులకు నమస్కారం.

షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే కుర్రాళ్లకు ఏ కెమెరా మంచిదో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫోర్‌కే, మెగాపిక్సెళ్లు, వెనక బ్యాక్‌గ్రౌండ్ మసకగా రావడం, అన్నీ రాశారు. సౌండు గురించి ఒక్క ముక్క లేదు. మినీ డీవీ టేపుల కాలం నుంచి తెనాలిలో పెళ్లి వీడియోలు తీస్తున్నాను, కెమెరాలు అద్దెకూ ఇస్తాను. అందుకే ఈ నాలుగు మాటలు.

మొన్న ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్లు కొత్త కెనాన్ 1500డి, ఒక కాలర్ మైకు పట్టుకొచ్చారు. "బాబాయ్, ఇది ఎక్కడ గుచ్చాలి?" అంటూ కెమెరాను అటూ ఇటూ తిప్పి, రబ్బరు మూతలు తీసి వెతుకుతున్నారు. దానికి మైకు జాకే లేదు. ఫొటోలకు చక్కటి కెమెరా, కాదనను. కానీ వాళ్లు తీసిన సీనులో డైలాగుల కంటే సీలింగ్ ఫ్యాన్ చప్పుడే గట్టిగా వినబడుతోంది. ఇక సౌండు ఫోనులో విడిగా రికార్డు చేసి, షాటు మొదట్లో చప్పట్లు కొట్టి, ఆ చప్పుడే గుర్తుగా బొమ్మనూ సౌండునూ ఎడిటింగులో కలుపుకోవాల్సిందే. ఓపిక ఉంటే అదీ చేయొచ్చు.

మైకు జాక్ తర్వాత హెడ్‌ఫోన్ జాక్ చూడాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. కెనాన్ ఎం50కి మొదటిది ఉంది, రెండోది లేదు. సోనీ జడ్‌వీ-ఈ10కి రెండూ ఉన్నాయి, కాకపోతే చేతి వణుకును సెన్సర్ ఆపదు కాబట్టి స్టాండు కావాలి. షాటు తీస్తుండగానే చెవిలో వినబడకపోతే, మైకు వైరు ఊడిన సంగతి ఇంటికెళ్లాకే తెలుస్తుంది.

ఫోర్‌కే మోజు సరే. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు, మామూలు ల్యాప్‌టాప్ ఎడిటింగ్ దగ్గర మొరాయిస్తుంది. నేర్చుకునేటప్పుడు ఫుల్ హెచ్‌డీ చాలు.

ఇంకోటి. కెమెరా ఏదైనా మెనూలో పాల్ (PAL, మన దేశపు వీడియో పద్ధతి), సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 50 (అంటే సెకనులో యాభయ్యో వంతు) పెట్టుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ 60లో వదిలేస్తే ట్యూబ్‌లైట్ కింద తీసిన షాట్లలో చారలు పాకుతుంటాయి. కెమెరా పాడైందని నా దగ్గరికి తెచ్చేవాళ్లున్నారు!

చేతిలో అరవై వేలుంటే అంతా కెమెరాకే పోయకుండా మైకుకు, స్టాండుకు, రెండో బ్యాటరీకి పదిహేను వేలైనా పక్కన పెట్టాలని నా లెక్క. అద్దె సంగతి కూడా ఈసారి రాయండి. కొనాలనుకున్న కెమెరాను ముందు ఒక రోజు అద్దెకు తీసుకుని, ఫ్యాన్ కిందా రోడ్డు మీదా ఒక్కో సీను తీసి చూసుకోమనండి. ఆషాఢంలోనో మూఢంలోనో వస్తే మా దగ్గర కెమెరాలు ఖాళీగానే ఉంటాయి, అద్దె కూడా తగ్గిస్తాం.

– ఒక వీడియోగ్రాఫర్, తెనాలి