స్కైడైవింగ్‌కీ స్కోరు రాయండి, ఇద్దరి జట్లతో పోటీలు పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆటల పేజీలో ఒక ఫొటో వేశారు. నీలాకాశంలో నలుగురు మనుషులు ఒకరి కాలు ఒకరు పట్టుకుని గుండ్రంగా ఉన్నారు. కింద ‘ఒళ్ళు గగుర్పొడిచే విన్యాసం’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. స్కైడైవింగ్ పోటీల్లో ఆ ఆకారానికి డోనట్ అని పేరుంది, జె అనే అక్షరం గుర్తు. నలుగురూ దాన్ని సరిగ్గా కట్టి, ఐదో మనిషి దాన్ని కెమెరాలో స్పష్టంగా చూపిస్తే ఒక పాయింటు వస్తుంది. క్రికెట్ ఫొటో వేస్తే ఏ జట్టు, ఎవరి మీద, స్కోరెంత అని రాస్తారు కదా. ఈ ఆటకీ ఆ మర్యాద దక్కాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది, దయచేసి పూర్తిగా చదవండి.

మాది హిందూపురం దగ్గర పల్లె. వైమానిక దళంలో పారాచూట్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాక బెంగళూరు జాలహళ్ళిలో స్థిరపడ్డాను. నాది దూకే ఉద్యోగం కాదు, మడిచే ఉద్యోగం. పొడవాటి టేబుల్ మీద గుడ్డ పరిచి, తాళ్ళు చిక్కుపడకుండా సర్ది, ఒక్కో మడతా రెండుసార్లు చూసుకుని, చివర్లో కార్డు మీద సంతకం పెట్టేవాళ్ళం. ఏ పారాచూట్ ఎవరు మడిచారో ఆ కార్డు చెబుతుంది. దూకినవాళ్ళు కిందికి రాగానే తిన్నగా మా షెడ్డుకే వచ్చి, టీ తాగుతూ పైన ఏం జరిగిందో చెప్పేవాళ్ళు. ఎవరి చెయ్యి ఎక్కడ జారింది, ఎవరు ముందు పడిపోయారు, ఎవరు పైన ఉండిపోయారు అని అరగంట వాదించుకునేవాళ్ళు. ఈ ఆట మీద నాకు ఇష్టం కలిగింది ఆ వాదనలు వినే.

మన జనానికి బాగా తెలిసింది ఏరో ఇండియా. 1987లో ఏర్పడిన వైమానిక దళం వారి ఆకాశ్ గంగా జట్టు యలహంకలో రంగుల పారాచూట్లతో, జెండాలతో దిగుతుంటే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూస్తాం. అది ప్రదర్శన, దాని అందం దానిది. గాల్లో పడుతూ ఇలా ఆకారాలు కట్టే ఫార్మేషన్ పోటీ మాత్రం పారాచూట్లు తెరుచుకోకముందే అయిపోతుంది. అది జరిగే ఎత్తులో ఏం జరుగుతోందో కింద ఉన్నవాళ్ళ కంటికి ఆనదు. ఆట కనిపించకపోవడం వల్లే దీన్ని జనం సాహసం కింద జమకట్టేస్తున్నారని నా అభిప్రాయం.

నలుగురి పోటీలో విమానం సుమారు 10,500 అడుగుల ఎత్తులో జట్టును వదులుతుంది. మొదటి మనిషి తలుపు వదిలిన క్షణం నుంచి గడియారం మొదలు. ఉన్నది 35 సెకన్లు. మొదటి పది సెకన్లలో ఒక వెయ్యి అడుగులు పడతారు. ఆ తర్వాత వేగం గంటకి 190 కిలోమీటర్ల దగ్గర నిలకడగా ఉంటుంది, అంటే వెయ్యి అడుగులకి సుమారు 5.8 సెకన్లు. ఈ లెక్కన టైమ్ అయ్యేసరికి ఐదు వేల అడుగుల దగ్గరికి వచ్చేస్తారు. ఒకరికొకరు దూరంగా జరగడానికి, పారాచూట్ తెరవడానికి ఇక ఆ ఎత్తే మిగిలింది. అందుకే ఆ పైన ఇంకో ఐదు సెకన్లు ఇవ్వండని ఎవరూ అడగరు.

ఏ ఆకారాలు కట్టాలో జట్టు ఇష్టం కాదు. అంతర్జాతీయ ఏరోనాటిక్ సమాఖ్య ఎఫ్.ఎ.ఐ. నియమాల్లో ఒక పట్టిక ఉంటుంది, దాన్ని డైవ్ పూల్ అంటారు. అందులో ‘రాండమ్’లు 16. ఎ నుంచి క్యూ దాకా అక్షరాలు వాడి, మధ్యలో ఐ వదిలేశారు. స్టార్, డోనట్, మర్ఫీ ఫ్లేక్, ఫాలంక్స్ ఇవన్నీ అందులోవే. ‘బ్లాక్’లు 22, వాటికి అంకెలు. రాండమ్ కడితే ఒక పాయింటు. బ్లాక్‌లో ఒక ఆకారం కట్టి, పట్టు వదలకుండా ఇద్దరిద్దరుగానో ముగ్గురూ ఒక్కరుగానో చెప్పిన మేరకు తిరిగి, రెండో ఆకారం కట్టాలి. దానికి రెండు పాయింట్లు. పోటీకి ముందు చీటీలు తీస్తారు. ఒక్కో రౌండుకి ఐదు లేదా ఆరు పాయింట్లు వచ్చేదాకా తీస్తారు, తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో వేయరు. పది రౌండ్లు. ఒక రౌండులో వచ్చిన వరసని 35 సెకన్లలో ఎన్నిసార్లు తిప్పి తిప్పి కడితే అన్ని పాయింట్లు.

మా ఊళ్ళో జడకోలాటం చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక వరస అయ్యాక తాడు వదలకుండా ఇంకో వరసలోకి మారాలి, ఒకడు అడుగు తప్పితే జడంతా చిక్కే. ఇక్కడ తేడా ఏమిటంటే బ్లాక్ లోపల తప్ప, ఒక ఆకారానికీ ఇంకో ఆకారానికీ మధ్య అందరూ పట్లు పూర్తిగా వదలాలి. ఎవరి చెయ్యీ ఎవరికీ తగలని ఒక్క క్షణం వీడియోలో కనబడాలి. అది కనబడకపోతే ఆ పాయింటు పోతుంది. పట్టు ఉండాల్సిన చోట కాకుండా ఇంకోచోట పడినా పోతుంది. ఆకారం పూర్తికాకముందే ఒక్కరు తొందరపడి వదిలేసినా పోతుంది. మా షెడ్డులో జరిగే వాదనల్లో సగం ఈ చివరిదాని గురించే ఉండేవి.

ఐదో మనిషి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తల మీద కెమెరా పెట్టుకుని జట్టుతోపాటే దూకి, వాళ్ళకి కొంచెం పైన ఉంటూ, నలుగురి చేతులూ ఫ్రేమ్‌లో ఉండేలా పడుతూ రావాలి. జడ్జీలు చూసేది ఆ వీడియోనే. ఒక చెయ్యి ఫ్రేమ్ దాటిపోతే, నలుగురూ ఎంత బాగా కట్టినా జడ్జీకి కనబడలేదు కాబట్టి పాయింటు లేదు. అందుకే కెమెరామన్ కూడా జట్టులో మనిషే, పతకం వస్తే అతనికీ వస్తుంది. ఈ నియమం నాకు చాలా నచ్చుతుంది. అరిజోనా ఎయిర్‌స్పీడ్, బెల్జియం వాళ్ళ హయాబుసా లాంటి జట్లు ఒక్క జంప్‌లో ఇరవైకి పైగా పాయింట్లు కడతాయి. మామూలు వేగంలో వీడియో చూస్తే మన కన్ను వాళ్ళ చేతుల వెంట వెళ్ళలేదు.

ఇంత పక్కా లెక్క ఉన్న ఆటని మన దగ్గర ఆట అని ఒప్పుకోవడం లేదు. మా తమ్ముడి కూతురు ఇక్కడే బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతోంది. హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడల్లా గండిపేట దగ్గర ఉన్న, కింద నుంచి కొట్టే గాలి మీద మనిషి తేలేలా కట్టిన విండ్ టన్నెల్‌లో ఎగురుతుంది. దాచుకున్న డబ్బంతా దానికే పెడుతుంది. కాలేజీ ఫారంలో ఆటల కాలమ్‌లో ఈ సంగతి రాస్తే, ‘ఇది హాబీ అమ్మా, స్పోర్ట్ కాదు’ అని అక్కడివాళ్ళు కొట్టేశారు. ఇంటికొచ్చి ‘పెదనాన్నా, దీనికి వరల్డ్ చాంపియన్‌షిప్ ఉందని చెప్పినా వినలేదు’ అంది. ఆ పిల్ల చెప్పింది నిజం. ఇండోర్ స్కైడైవింగ్‌కి ఎఫ్.ఎ.ఐ. మొదటి ప్రపంచ పోటీ 2015లో ప్రాగ్‌లో జరిగింది. అందులోనూ నలుగురి ఫార్మేషన్‌కి అదే డైవ్ పూల్, అవే 35 సెకన్లు. జూనియర్లకి విడిగా విభాగం కూడా ఉంది.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం. ఈ పోటీల చరిత్ర చూస్తే జట్టు సైజు ఎప్పుడూ ఒక్కలా లేదు. 1975లో పశ్చిమ జర్మనీలోని వారెన్‌డార్ఫ్‌లో ఈ విభాగానికి మొదటి ప్రపంచ పోటీ పెట్టినప్పుడు నలుగురి జట్టు, పదిమంది జట్టు ఉండేవి. ఆ తర్వాత పదిమంది స్థానంలో ఎనిమిదిమంది జట్టు వచ్చింది. వాళ్ళకి 50 సెకన్లు, సుమారు 13,000 అడుగులు. తర్వాత నలుగురి మహిళల విభాగం, తలకిందులుగా, నిలువుగా ఎగురుతూ కట్టే వర్టికల్ ఫార్మేషన్ వచ్చాయి. టన్నెల్‌లో ఇద్దరు కలిసి ఎగిరే డైనమిక్ విభాగం వచ్చింది. అమెరికా జాతీయ పోటీల్లో ఇద్దరి మిక్స్‌డ్ ఫార్మేషన్ కూడా నడుస్తోంది. అందులో బోర్లా, నిలువుగా, తలకిందులుగా అన్ని రకాలూ కలుస్తాయి.

మనకి పనికొచ్చేది ఈ ఇద్దరి జట్టే. నలుగురి జట్టంటే కెమెరాతో కలిపి ఐదుగురు. ఐదుగురికీ ఒకే ఊళ్ళో ఉద్యోగమో చదువో ఉండాలి, ఒకే రోజు సెలవు దొరకాలి, ఒకరికి జ్వరమొస్తే మిగతా నలుగురూ ఖాళీ. విమానం ఖర్చు సంగతి చెప్పనే అక్కర్లేదు. బెంగళూరు ఆకాశం చూడండి. ఒకపక్క కెంపేగౌడ విమానాశ్రయం, ఒకపక్క యలహంక, ఇంకోపక్క హెచ్.ఎ.ఎల్. జూన్ నుంచి మబ్బులు సరేసరి, మబ్బులోకి దూకకూడదు. మైసూరులో అప్పుడప్పుడూ జంప్‌లు జరిగాయి కానీ ఏడాది పొడుగునా ప్రాక్టీస్ చేసే ఏర్పాటు దానితో కాదు. టన్నెల్‌లో అయితే వాన అడ్డు రాదు. అందులో ఒక్క నిమిషం ఎగిరితే దాదాపు ఒక జంప్‌లో దొరికే గాలి దొరికినట్టే. ఇద్దరు కలిసి ఆ నిమిషం ఖర్చు పంచుకోవచ్చు. కెమెరా గోడ అవతల ఉంటుంది.

అయితే ఇద్దరి జట్టు అనగానే అమెరికాలో నడిచే మిక్స్‌డ్ విభాగాన్నే ఎత్తుకొచ్చి మన పిల్లల ముందు పెట్టొద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. తలకిందులుగా పడేవాడి వేగం బోర్లా పడేవాడికన్నా చాలా ఎక్కువ, గంటకి 250 కిలోమీటర్లు దాటుతుంది. అలా పడుతున్నవాడు అదుపు తప్పి ఒక్కసారిగా బోర్లా తిరిగితే, గాలి అడ్డుపడి వేగం తగ్గిపోతుంది. అతనితోపాటు పడుతున్నవాళ్ళకి అతను పైకి ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. పైన ఇంకొకరు ఉంటే వచ్చి గుద్దుకుంటారు. ఆ వేగంలో పారాచూట్ పొరపాటున తెరుచుకుంటే గుడ్డా తాళ్ళూ తట్టుకోవడం కష్టం, మనిషి మెడ, నడుము తట్టుకోవడం ఇంకా కష్టం. చినిగిన గుడ్డలు, కాలిన తాళ్ళు టేబుల్ మీద విప్పి చూసినవాడిగా చెబుతున్నాను. నిలువుగా ఎగరడం అనుభవం వచ్చాక నేర్చుకోవాల్సిన విద్య.

ముందు ఇద్దరు, బోర్లా మాత్రమే, టన్నెల్‌లో. దానికి ఇద్దరు కట్టగలిగే ఆకారాలతో చిన్న డైవ్ పూల్ తయారు చేయాలి. కొత్తవాళ్ళకి తక్కువ ఆకారాలతో విడి తరగతి పెట్టడం బయటి దేశాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. బ్రిటన్‌లో రూకీ అని పేరు పెట్టి మరీ నడుపుతున్నారు. మిగతా నియమాలు మాత్రం తగ్గించొద్దు. చీటీలు అందరి ముందూ తీయాలి. 35 సెకన్లంటే 35 సెకన్లే. పట్లు పూర్తిగా వదలాలి. తీర్పు వీడియో చూసి, శిక్షణ పొందిన జడ్జీలే ఇవ్వాలి. ‘చూడ్డానికి బాగుంది’ అని మార్కులు వేసే పద్ధతి మొదట్లోనే పెడితే, ఈ పిల్లలు రేపు నలుగురి జట్టుగా బయటికెళ్ళినప్పుడు వాళ్ళు నేర్చుకున్నది అక్కడ పనికిరాదు. జడ్జీలుగా శిక్షణ ఇవ్వడానికి రిటైరైన పారా జంపర్లు బెంగళూరులో, హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. వాళ్ళని పిలవండి, వస్తారు.

ఈ పని ఎవరు చేయాలంటే, ఢిల్లీలోని ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా మన దేశం తరఫున ఎఫ్.ఎ.ఐ.లో సభ్యత్వం ఉన్న సంస్థ. వాళ్ళు నియమాలు ఖరారు చేసి, తెలుగు రాష్ట్రాలూ కర్ణాటకా కలిసి కాలేజీల మధ్య ఒక చిన్న పోటీ పెడితే చాలు. గెలిచిన జట్టుకి రౌండు రౌండుకీ పాయింట్లు వేసిన సర్టిఫికెట్ ఇవ్వాలి. అలాంటి కాగితం చేతిలో ఉంటే, మా పిల్లకి ఎదురైన మాట ఇంకో పిల్లకి ఎదురుకాదు. క్రీడా శాఖలు కూడా తమ జాబితాల్లో ఈ ఆటకి చోటివ్వాలి. పై కుర్చీల్లో కూర్చుని సంతకాలు పెట్టే పెద్దలు ఈ ఉత్తరం చదివితే నా మనవి ఇదే.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. 1979లోనే రేచల్ థామస్ గారు దూకి, మన దేశంలో స్కైడైవ్ చేసిన మొదటి మహిళ అయ్యారు. శీతల్ మహాజన్ గారు 2004లో ఉత్తర ధ్రువం మీద దూకారు. వాళ్ళిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. టన్నెల్ అయితే అంత ఎత్తు కూడా లేదు. కింద గట్టి వల, చుట్టూ గోడ, పక్కనే శిక్షకుడు. లోపల గాలి హోరుకి మాట వినబడదు కాబట్టి అంతా చేతి సైగలే. గడ్డం ఎత్తమంటే ఎత్తాలి, కాళ్ళు చాపమంటే చాపాలి. మా పిల్ల మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు నేనూ అద్దం బయటే నిలబడి చూశాను. శిక్షకుడు రెండు వేళ్ళు చాపి చూపించగానే కాళ్ళు కొంచెం చాపింది, అంతే, తలుపు వైపు జారుతున్న మనిషి మధ్యలోకి వచ్చి నిలిచింది.

చివరిగా మీకు. ఈసారి ప్రపంచ పోటీలు జరిగినప్పుడు ఏ దేశం, ఎన్ని రౌండ్లు, రౌండుకి ఎన్ని పాయింట్లు అన్నది నాలుగు లైన్లలో వేయండి. మీ ఆటల విలేకరి ఎవరైనా జాలహళ్ళి వస్తే, డైవ్ పూల్ పట్టిక ఒకటి ప్రింటు తీసి ఉంచుతాను. వీడియో పెట్టుకుని పట్లు ఎక్కడ చూడాలో, పాయింట్లు ఎలా లెక్కపెట్టాలో ఒక మధ్యాహ్నంలో చెప్పేస్తాను.

ఇట్లు,
వైమానిక దళ విశ్రాంత ఉద్యోగి, పారాచూట్ సెక్షన్,
జాలహళ్ళి, బెంగళూరు