బుజ్జిని కోచ్ కానివ్వు

లాస్ ఏంజిలిస్

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందని మరదలు చెప్పింది, మనసు కుదుటపడింది. ఇక్కడ మేమంతా క్షేమం.

కోచ్ అవుతానంటున్న నీ కూతురు బుజ్జి గురించి ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "తనే పరుగెత్తలేనప్పుడు ఇంకొకరికి నేర్పడం దేనికి, బ్యాంకు పరీక్షలు రాసుకోమను" అన్నావు. తొడ కండరం దెబ్బతిని దాని నాలుగొందల మీటర్ల పరుగు ఆగిపోయినప్పుడు నువ్వెంత కుమిలిపోయావో నాకు తెలుసు. మళ్ళీ ఆ బాధ వద్దనే అలా అంటున్నావు. అయినా పి.టి. ఉష సంగతి ఒకసారి నిదానంగా ఆలోచించు.

నేనుంటున్న ఈ ఊళ్ళోనే, కొలీజియం స్టేడియంలో, 1984 ఆగస్టు 8న ఆమె 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ పరుగెత్తింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి ఆ పోటీ పెట్టడం అదే మొదలు. సెమీఫైనల్లో ఆమే ఫస్టు. ఫైనల్లో వేరే ఒకామె ముందే కదలడంతో అందరినీ వెనక్కి పిలిచి మళ్ళీ వదిలారు. ఉష 55.42 సెకన్లలో వచ్చింది. కాంస్యం దక్కిన రొమేనియా ఆమెది 55.41. సెకనులో నూరోవంతు! ఒలింపిక్ విలేజ్‌లో గంజీ, ఊరగాయతో సరిపెట్టుకున్నానని, చివరి 35 మీటర్లలో సత్తువ నిలవలేదని ఉష తర్వాత చెప్పింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

1985లో జకార్తా ఆసియా చాంపియన్‌షిప్‌లో అయిదు స్వర్ణాలు, 1986 సియోల్ ఏషియాడ్‌లో నాలుగు. అవి నీకూ తెలిసినవే. 2000లో ఆమె పోటీలు మానేసింది. పేరుంది, రైల్వేలో ఉద్యోగముంది. హాయిగా కూర్చోవచ్చు. కానీ 2002లో కేరళలోని కొయిలాండిలో ఉషా స్కూల్ ఆఫ్ అథ్లెటిక్స్ పెట్టింది. ఆడపిల్లల్ని చిన్న వయసులోనే ఎంచుకుని, అక్కడే ఉంచి, తిండీ శిక్షణా ఇస్తూ చదివించింది. గంజి తాగి ఫైనల్ పరుగెత్తిన మనిషికి పిల్లల తిండి గురించి ఇంకొకరు చెప్పాలా?

ఆ మొదటి పిల్లల్లో ఒకతె టింటూ లూకా. 2010లో 800 మీటర్లు 1 నిమిషం 59.17 సెకన్లలో పరుగెత్తి, షైనీ విల్సన్ 1995లో నెలకొల్పిన జాతీయ రికార్డును దాటేసింది. ట్రాక్ మీద మొదటి చుట్టు అంతా ముందుండి, చివర్లో వెనకబడుతుందని టింటూని చాలామంది అన్నారు. ఉష మాత్రం ఆ పిల్లని వదల్లేదు. 2015లో టింటూ ఆసియా చాంపియన్ అయింది. ఉష కెరీర్‌లో నాకు పతకాలకంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది.

అంతటి ఉషని గుర్తుపట్టింది కూడా ఒక కోచే. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి వచ్చిన నంబియార్ మాస్టారు. కేరళలోని పయ్యోలి సముద్రపొడ్డున ఇసుకలో పరుగెత్తించి ఆమెని తయారుచేశాడు.

మనకి సముద్రం లేదా, ఇసుక లేదా? జ్యోతి యర్రాజీ మన విశాఖ పిల్లే కదా. వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డు. 100 మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్లలోపు పూర్తిచేసిన మొదటి భారతీయురాలు ఆ అమ్మాయి. జాలారిపేటలోనో గాజువాకలోనో అలాంటి పిల్ల ఇంకొకతె ఉంటే కనిపెట్టేదెవరు?

మరదలు పంపిన వీడియో చూశాను. బుజ్జి ఆర్కే బీచ్‌లో పిల్లల్ని వరసగా నిలబెట్టి మోకాళ్ళు ఎలా ఎత్తాలో చూపిస్తోంది. ఒక పిల్ల తొడ పట్టుకోగానే పరుగు ఆపించి కూర్చోబెట్టేసింది. ఆ పిల్ల "పర్లేదక్కా" అంటున్నా వినలేదు. నొప్పి దాచుకుని పరుగెత్తితే ఏమవుతుందో మన బుజ్జికి తెలుసు. ఏ పుస్తకం చదివినా అది రాదురా.

జీతం బ్యాంకు ఉద్యోగమంత ఉండకపోవచ్చు, కాదనను. దానికి డిగ్రీ ఉంది, యూనివర్సిటీ టీమ్‌లో పరుగెత్తింది. కోచ్‌లని తయారుచేసే జాతీయ క్రీడా సంస్థ, పాటియాలా ఎన్‌ఐఎస్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది, ముందు దానికి పంపు. నచ్చితే అక్కడే డిప్లొమాకి అప్లై చేస్తుంది. ఫీజు, రైలు ఖర్చులు నేను పంపుతాను, ఆ టెన్షన్ పెట్టుకోకు. ఈ ఉత్తరం మరదలికి కూడా చదివి వినిపించి, బుజ్జితో మాట్లాడి, ఆదివారం ఫోన్ చెయ్యి.

అమ్మకి నా నమస్కారాలు.

నీ అక్క