సాంబారులో గోధుమ ఉందని మెనూలో ఎందుకు రాయలేదు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. గోధుమ, మైదా తగలని టిఫిన్ ఏదని మీ బ్రాంచిలో అడిగితే, సర్వర్ వంటవాళ్లను కనుక్కోకుండానే "ఇడ్లీ సాంబారు, గారె తినండి, బియ్యం, మినప్పప్పే కదండీ" అన్నారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. చెప్పడానికి ఆయన చేతికి మీరు ఏ కాగితమూ ఇవ్వలేదు.

ఇడ్లీ వరకు ఆ మాట నిజమే, సాంబారుకు కాదు. బజారులో దొరికే ఇంగువ పొడి చాలావరకు అచ్చమైన ఇంగువ కాదు, జిగురుతోపాటు గోధుమపిండో మైదానో కలిపినది. మీ వంటగది అరలో ఉన్న డబ్బా మీద పదార్థాల వరసలో గోధుమపిండి అనే ఉంది. గారెల సంగతి ఇంకా ఘోరం. మైసూర్ బోండాలు వేయించిన మూకుడులోనే వాటినీ వేస్తున్నారు. బోండా పిండి మైదాదే, రాలిన ముక్కలు ఆ నూనెలోనే తిరుగుతుంటాయి. నూనె ఎంత కాగినా గోధుమ, మైదాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పోదు. రవ్వ దోసె తీసిన అట్లకాడతోనే పెసరట్టు తిప్పినా అంతే.

గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారికి ఇది "కొంచెమే కదా" అని వదిలేసేది కాదు. గ్లూటెన్ రహితం అని రాయాలంటే మన దేశంలో హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. మాటిమాటికీ గ్లూటెన్ తగిలితే చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. కొందరికి తిన్న పూట ఏమీ తెలియదు కాబట్టి మీదాకా ఫిర్యాదే రాదు.

దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనల ప్రకారం 10 లేదా అంతకు మించి అవుట్‌లెట్లున్న హోటళ్లు అలర్జీ కలిగించే పదార్థాల వివరం ఇవ్వాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, పల్లీలు, జీడిపప్పులాంటివి ఆ జాబితాలోవే. మీ మెనూలో క్యాలరీలు అచ్చేశారు, ఈ వివరం మాత్రం లేదు.

ప్రతి వంటకానికీ పొడులు, పేస్టులతో సహా పదార్థాల పట్టిక రాయించి వంటగదిలోనూ బిల్లు కౌంటర్లోనూ పెట్టండి. ఇంగువ బ్రాండు మారితే పట్టికా మారాలి. బియ్యప్పిండితో చేసిన ఇంగువా దొరుకుతుంది, అది కొంటే సాంబారు, రసం, చట్నీ పోపుల్లో ఇంగువ బెడద తీరుతుంది. గారెలకు వేరే మూకుడు, వేరే నూనె పెట్టలేకపోతే "మైదా తగిలే అవకాశం ఉంది" అని మెనూలోనూ, డెలివరీ యాప్‌లోనూ రాయండి. తెలియని ప్రశ్నకు సర్వర్లు ఊహించి చెప్పకుండా కిచెన్ సూపర్‌వైజర్ని పిలవాలి.

బిల్లు, ఇంగువ డబ్బా ఫోటో జతచేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే ఇవే కాగితాలతో ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు