పెంట్‌హౌస్ అని రాసేవాళ్లు రేకులో శ్లాబో కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి చదువు కోసం మే నెలలో విజయవాడ సత్యనారాయణపురంలో గది వెతికాం. ఒక గేటుకు 'పెంట్‌హౌస్ అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు చూసి నాలుగు అంతస్తులు ఎక్కాం. వాటర్ ట్యాంకు పక్కన ఇటుక గోడలు, పైన సిమెంటు రేకులు. ఆ మధ్యాహ్నం లోపల ఐదు నిమిషాలు నిలబడలేకపోయాం. ఎండలు 45 డిగ్రీలు దాటే ఊళ్లో పిల్లలు అందులో ఎలా చదువుకుంటారు?

ఇంటికొచ్చాక 'పెంట్‌హౌస్' అన్న మాట పుట్టుక వెతికాను. పాత ఫ్రెంచి 'అపెంతిస్' ఇంగ్లిషులోకి వెళ్లి 'పెంటిస్' అయింది. పెద్ద గోడకు ఆనించి ఏటవాలుగా దించిన పాకను అలా అనేవారు. మనం వసారా దించడం అంటాం, దాదాపు అదే. జనం నోట్లో చివరి ముక్క 'హౌస్'గా మారింది కానీ, పుట్టుకలో దానికి ఇంటితో సంబంధమే లేదు. 1920ల్లో న్యూయార్క్‌లో ఎత్తైన భవనాల పైన డబ్బున్నవాళ్లు కట్టించుకున్న ఇళ్లకు ఆ పేరు వచ్చాక అది ఖరీదైన మాటైంది. మన బోర్డుల మీద ఉన్నది న్యూయార్క్ అర్థం. మేం చూసిన గది మాత్రం ఆ పాత పాకే.

ఢిల్లీలో డాబా మీది గదిని 'బర్సాతీ' అంటారు. బర్సాత్ అంటే వాన. ఆరుబయట పడుకున్నవాళ్లు చినుకులు పడితే మంచం లాక్కుని దూరే చోటు. ఎంత నిజాయతీ గల పేరు! మనకూ మేడగది ఉంది, డాబా మీద గది ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన చంద్రశాల ఉంది. గుంటూరులో మా అమ్మమ్మ వాళ్ల మేడగదికి పైకప్పు మద్రాసు టెర్రస్, అంటే చెక్క దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన కప్పు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం అక్కడే పడుకునేవాళ్లం. మేడగది అన్న పేరు వింటే ఇప్పటికీ నాకు చల్లగా ఉంటుంది.

మీ క్లాసిఫైడ్ ప్రకటనల్లో 'డాబా మీద గది, రేకులు' అనో 'డాబా మీద గది, శ్లాబు' అనో రాయించమని నా విన్నపం. ఊరు కాని ఊరి నుంచి ఫోన్‌లోనే అడ్వాన్సు పంపే తల్లిదండ్రులున్నారు, వాళ్లకు ఆ ఒక్క మాట చాలా అవసరం. మున్సిపల్ ప్లాన్‌లో ఆ గది ఉందో లేదో కూడా రాయిస్తే ఇంకా మేలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు