డ్రమ్ము వేడెక్కలేదురా!

చీమకుర్తి,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ హైడ్రోజన్,

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి, పెద్దవాడు పదో తరగతికి వచ్చాడు, ఎండలు ఎప్పటిలాగే మండిపోతున్నాయి. చెల్లెమ్మను అడిగానని చెప్పు. నీలం టోపీ సంగతి మాత్రం నేను చచ్చినా చెప్పనులే, ధైర్యంగా ఉండు.

ఇంటి కబుర్లు ఇంతటితో సరి. అసలు విషయం చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మా క్వారీకి కరెంటు టిప్పర్ వచ్చింది! కొన్నాళ్లు నడిపి చూడమని పంపారు. ఎవరు పంపారన్నది ఇప్పుడు అనవసరం.

తోలింది ఎవరనుకున్నావు? ఇంజన్ చప్పుడు విని ఏ సిలిండర్‌లో నాజిల్ పోయిందో చెప్పే మన పెద్దాయన. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఖాళీ బండితో ర్యాంపు మీదుగా గుంతలోకి దిగాం. నీకు ఆ ర్యాంపు తెలుసు కదా, మూడో మలుపు దగ్గర కొండ అంచు రాసుకుంటూ పోవాలి. పెద్దాయన అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదే పెట్టుకున్నాడు కానీ తొక్కవలసిన అవసరమే రాలేదు. యాక్సిలరేటర్ వదిలేస్తే చాలు, బండి తనంతట తానే బిగపట్టుకుని దిగింది. డాష్‌బోర్డు మీద బ్యాటరీ అంకె పెరుగుతూ ఉంది. అడుగుకు చేరగానే నేను దూకి వెనక చక్రం దగ్గరకు పరుగెత్తాను. మన షెడ్డులో ఇలా దిగివచ్చిన బండి బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు చల్లితే చుయ్‌మని ఆవిరి లేచేది, గుర్తుందా? దీని డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచాను. ఎండకు కాగిన వేడి తప్ప ఇంకేమీ లేదు. బ్రేకు లైనర్లు మార్చి మార్చి చేతులు కాయలు కాసిన నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో నీకొక్కడికే తెలుస్తుంది.

కిటుకు నీకు తెలిసిందే. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారుతుంది. బ్రేకులో వేడిగా తగలబడిపోవలసిన శక్తి తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. 2022 నుంచి తిరుమల ఘాట్‌లో తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సులూ కొండ దిగేటప్పుడు చేసేది ఇదే. స్విట్జర్లాండ్‌లో బీల్ దగ్గరి సున్నపురాయి క్వారీలో ఒక డంపర్ ఉంది. కొమాత్సు డీజిల్ డంపర్‌నే మార్చి, 600 యూనిట్ల బ్యాటరీ పెట్టారు. ఖాళీగా 45 టన్నులు, రాయితో 110 టన్నులు. రాయి పైన దొరుకుతుంది, కింద దింపాలి. నిండు బండి దిగేటప్పుడు పోగయ్యే కరెంటు, ఖాళీ బండి ఎక్కడానికి సరిపోతుంది. మామూలు పనిలో దానికి చార్జింగే అక్కరలేదట!

ఇది చదివినప్పుడు గంతులు వేశాను. తరవాత గుంత అంచున నిలబడి కిందికి చూస్తే నీరసం ముంచుకొచ్చింది. మనది కొండ కాదు, గొయ్యి. రాయి అడుగున ఉంది. బరువుతో ఎక్కాలి, ఖాళీగా దిగాలి. అంతా తలకిందులు. వాళ్లకు ఊరికే వచ్చేది మనం కొనుక్కోవాలి.

అయినా సరే, ఎంత కొనాలో చూద్దామని ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. బండీ రాయీ కలిపి 50 టన్నులనుకో. 100 మీటర్ల ఎత్తు ఎక్కించడానికి కావలసింది సుమారు 14 యూనిట్లు. అంతే! లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉన్నా చక్రాల దాకా చేరేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. మిగతాదంతా రేడియేటర్ గుండా, సైలెన్సర్ గుండా గాలిలో కలుస్తుంది. అంటే అదే ఎత్తుకు నాలుగు లీటర్లు. మట్టి బాటలో టైర్ల రాపిడి ఎలాగూ ఇద్దరికీ ఉంటుంది. దిగేటప్పుడు తిరిగి వచ్చే రెండు మూడు యూనిట్లు మనకు లాభం. పైగా పొక్లెయిన్ దగ్గర రాతి బ్లాకు కోసం కాచుకున్నంత సేపూ డీజిల్ బండి ఊరికే తాగుతూనే ఉంటుంది, ఇది తాగదు. చలికాలం ఉదయం ఆ పొగ గుంతలోంచి పైకి లేవక డ్రిల్లర్ల ముఖాల మీదే నిలిచిపోవడం నువ్వూ చూశావు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఆ గుంతలో పనిచేసేది మన ఊరి పిల్లలేరా.

ఇప్పుడు కడుపు మండే సంగతి విను. అంత మంచి బండిని దేనితో చార్జ్ చేశారో తెలుసా? డీజిల్ జనరేటర్‌తో! క్వారీకి వచ్చే లైను ఆ లోడు తట్టుకోదన్నారు. ఆ లైను సంగతి బండి రాకముందే చూసుకోవాలా, వద్దా? చివరికి "ఇది ఇక్కడ పనికిరాదు" అని తేల్చేసి వెనక్కి పంపారు. పనికిరానిది బండి కాదు, మన ఏర్పాటు. ఈ మాట పైవాళ్లతో గట్టిగానే అన్నాను.

స్వీడన్ ఉత్తరాన ఐటిక్ రాగి గని ఉంది. అక్కడ 2018లో ర్యాంపు వెంట 700 మీటర్ల పొడవున రైలుకు లాగా పైన తీగలు కట్టారు. బరువుతో ఎక్కే డంపర్లు ఆ తీగల నుంచే కరెంటు అందుకుంటాయి. తీగ లేనిచోట సొంత డీజిల్ ఇంజన్‌తో పోతాయి. వాటి చక్రాలను తిప్పేవి ముందునుంచీ మోటార్లే కాబట్టి ఇది కుదిరింది. మన టిప్పర్లకు అదే కట్టాలని కాదు, కానీ ఎక్కేచోటే కరెంటు అందించాలన్న ఆలోచన ఉంది చూడు, గొయ్యికి కావలసింది సరిగ్గా అదే. ఆ బొమ్మ ఒకటి గీశాను, ఇంకా పూర్తి కాలేదు, తరవాత పంపిస్తాను.

నువ్వు నవ్వుకుంటున్నావని తెలుసు, "మరి హైడ్రోజన్?" అని. సరే, నీ వాటా నీకు ఇస్తాను. కిలో డీజిల్‌లో 12 యూనిట్ల దాకా ఉంటే, ఇలాంటి బండ్ల బ్యాటరీలో కిలోకు ఆరో వంతో ఏడో వంతో యూనిట్. కరెంటు స్తంభం కనబడని చోట రోజంతా తవ్వే పొక్లెయిన్‌కు బ్యాటరీ మొయ్యలేని బరువే, ఒప్పుకుంటాను. అక్కడ నీ హైడ్రోజన్ ఇంజన్ రావచ్చు. జేసీబీ వాళ్లు ఆ ఇంజన్‌కు 2025లో యూరప్ అనుమతులు తెచ్చుకున్నారు. అదే సంవత్సరం మార్చిలో టాటా వాళ్లు 16 హైడ్రోజన్ లారీలను పరీక్షకు రోడ్డెక్కించారు, మీ పూణె దారిలోనూ తిరుగుతాయన్నారు. కనబడ్డాయా? నాకు నచ్చిందేమిటంటే, హైడ్రోజన్ ఇంజన్‌లో పిస్టన్, క్రాంక్, వాల్వులు అన్నీ ఉంటాయి. ఒంగోలు, నెల్లూరు షెడ్లలో స్పానర్ పట్టిన మన కుర్రాళ్లకు చేతిలో పని నిలుస్తుంది. కరెంటు బండి ముందు వాళ్లు చేతులు కట్టుకుని నిలబడితే నాకు గుండె తరుక్కుపోయింది. హై వోల్టేజి నారింజ రంగు కేబుళ్లను ఎలా విప్పాలో, అసలు విప్పకూడనిది ఏదో చెప్పేవాళ్లు లేరు. వాళ్లకు నేర్పించే ఏర్పాటు ఏదైనా... దీని గురించి నీతో చాలా మాట్లాడాలి.

డీజిల్ పోయాక వచ్చేది కరెంటా, హైడ్రోజనా అన్న మన మలై కాజా పందెం ఇంకా తేలలేదు. గుంతలో నేను గెలిచాను, బయట నీకు అవకాశం ఉంది.

ఒక్కటి అడగాలి. హైడ్రోజన్ తనంతట తాను అంటుకోవాలంటే 585 డిగ్రీల వేడి కావాలి, అందుకే స్పార్క్ ప్లగ్గు పెడతారు, అది సరే. మరి మన పాత డీజిల్ ఇంజన్ బ్లాకుకే సిలిండర్ హెడ్ మార్చి

పొక్లెయిన్ హోస్ పగిలి ఆయిల్ చిమ్ముతోందట, పిలుస్తున్నారు. హెడ్ సంగతి నువ్వే రాయి, వెంటనే రాయి.

నీ
పది-పన్నెండు స్పానర్